మూడు సర్వర్లు, మూడు కేబుళ్లు: మా కాలేజీ క్లస్టర్ ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 28

పొద్దున్నే ఆరింటికి ల్యాబ్ తమ్ముడి ఫోను. "అన్నా, అటెండెన్స్ పోర్టల్ రావట్లేదు. లైబ్రరీది కూడా రావట్లేదు." నేను కాలేజీకి చేరేలోపే అన్నీ వాటంతటవే లేచాయి. లేచాయి కదా అని వదిలేయబుద్ధి కాలేదు. మూడు సర్వర్లూ ఎంతసేపటి నుంచి నడుస్తున్నాయో చూశాను. మూడింటిదీ ఒకటే లెక్క. రాత్రి రెండుంబావు ప్రాంతంలో మూడూ ఒక్కసారే రీస్టార్ట్ అయ్యాయి. కరెంటు పోలేదు. యూపీఎస్ లాగ్‌లో ఏమీ లేదు.

మాది చిన్న క్లస్టర్, అంటే కలిసి ఒకటిగా పనిచేసే సర్వర్ల గుంపు. ప్రాక్స్‌మాక్స్ (ఒక సర్వర్ లోపల అనేక వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లు, నడిపే సిస్టమ్) మీద మూడు నోడ్లు, అంటే ఆ మూడు సర్వర్లే. వాటికి గోదారి, కృష్ణ, పెన్నా అని పేర్లు పెట్టుకున్నాం. డిస్కులన్నీ సెఫ్ (అన్ని నోడ్ల డిస్కులనీ ఒకే స్టోరేజీగా కలిపే సాఫ్ట్‌వేర్) కింద ఉన్నాయి, ప్రతి డేటా ముక్కకీ మూడు కాపీలు. ఇరవై దాకా వర్చువల్ మెషీన్లు నడుస్తాయి: పిల్లల ల్యాబులు, అటెండెన్స్, లైబ్రరీ కేటలాగ్.

లాగ్ తెరిస్తే కోరోసింక్ (నోడ్లు ఒకదాన్నొకటి కనిపెట్టుకునే సాఫ్ట్‌వేర్) రాసిన 'రీట్రాన్స్‌మిట్ లిస్ట్' లైన్లు, అంటే అందక మళ్లీ పంపాల్సిన సందేశాల జాబితాలు, వందల్లో ఉన్నాయి. ఆ తర్వాత టోకెన్ (నోడ్లు వంతులవారీగా అందించుకునే సందేశం) అందలేదని ఒక లైను, కోరమ్ (నిర్ణయాలకు కావాల్సిన మెజారిటీ) పోయిందని ఇంకో లైను. అక్కడితో లాగ్ ఆగిపోయింది.

సంగతి అర్థమైంది. నిన్న సాయంత్రం కృష్ణలో పాడైన డిస్కు మార్చాను. సెఫ్ ఆ కొత్త డిస్కులోకి కాపీలు నింపుతూ ఉంది. రెండింటికి రోజువారీ బ్యాకప్ మొదలైంది. సెఫ్, బ్యాకప్, పిల్లల ట్రాఫిక్, నోడ్ల మధ్య కబుర్లు అన్నీ నడిచేది ఒకే ఒక్క గిగాబిట్ తీగ మీద. ఆ తీగలో సెకనుకు 125 ఎంబీ పడుతుందని లెక్క, చేతికొచ్చేది 110 చిల్లర. సెఫ్ ఒక్కటే దాన్ని నింపేసింది.

కోరోసింక్ పంపే సందేశాలు చాలా చిన్నవి. రాత్రి కాపలా వాళ్లు వీధి చివర్ల నుంచి ఒకరినొకరు కేకేసుకున్నట్టు "ఉన్నావా?", "ఉన్నా" అని నోడ్లు పలకరించుకుంటూ ఉంటాయి. ఈ కేకకి పెద్ద బ్యాండ్‌విడ్త్ అక్కర్లేదు, టైముకి అందితే చాలు. మా వెర్షన్‌లో మూడు నోడ్లకు టోకెన్ గడువు 3650 మిల్లీసెకన్లు. అది దాటితే అవతలివాడు పోయాడనే లెక్క. రాత్రి మూడు నోడ్లూ ఒకదానికొకటి అలాగే అనుకున్నాయి. ఒక్కదానికీ మెజారిటీ లేదు. హెచ్‌ఏ (ఒక నోడ్ పోతే దాని మెషీన్లను మరో నోడ్‌లో లేపే ఏర్పాటు) పెట్టుకున్నాం కాబట్టి 60 సెకన్లు చూసి వాచ్‌డాగ్ (సర్వర్‌ని బలవంతంగా రీసెట్ చేసే టైమర్) ఒక్కో నోడ్‌నీ రీసెట్ చేసింది. అలా చేయకపోతే ఒకే వర్చువల్ మెషీన్ రెండు చోట్ల లేచి దాని డిస్కు నాశనం అయ్యేది. సర్వర్లు తమ పని సరిగ్గానే చేశాయి. అన్నిటికీ ఒకే నెట్‌వర్క్ రోడ్డు వేసింది నేను. దాన్ని ఇప్పుడు నేనే సరిచేయాలి.

మే 2

సెలవులు మొదలయ్యాయి. జూన్‌లో పిల్లలు వచ్చేలోపు పని ముగించాలి. మేడమ్‌ని కలిసి రెండు పేజీల నోట్ ఇచ్చాను. "పదివేల స్విచ్ అడుగుతావనుకున్నా" అన్నారు.  అసలు స్విచ్చే అక్కర్లేకుండా చేద్దామని నా ప్లాన్.

నోడ్లు మూడే కాబట్టి ఒక్కోదాంట్లో రెండు పోర్టుల 10 గిగాబిట్ కార్డు పెడితే, ప్రతి నోడ్‌నీ మిగతా రెండింటికీ నేరుగా కలిపేయొచ్చు. మూడు కేబుళ్లతో పనైపోతుంది. నాలుగు నోడ్లైతే ఆరు కేబుళ్లు, అయిదైతే పది కావాలి. మూడు దాటితే ఈ పద్ధతి బరువైపోతుంది. మేం ఇంకో రెండేళ్లు మూడు దాటం.

కాగితం మీద మూడు రోడ్లు గీశాను. పాత గిగాబిట్ పోర్టు యథాప్రకారం కాలేజీ నెట్‌వర్క్‌కి. మదర్‌బోర్డు మీద ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న రెండో గిగాబిట్ పోర్టు కోరోసింక్‌కి మాత్రమే. దానికి ఐదు పోర్టుల మామూలు స్విచ్ చాలు, స్టోర్ రూమ్‌లో ఒకటుంది. కొత్త 10 గిగాబిట్ పోర్టులు సెఫ్‌కి. కోరోసింక్‌ని కూడా కొత్త వేగమైన రోడ్డు మీదే పెట్టేద్దామా అని తమ్ముడు అడిగాడు. వద్దన్నాను. ఎంత వెడల్పు రోడ్డైనా సెఫ్ ఒకరోజు నింపేస్తుంది. ఆ రోజు కేక వినపడదు.

అడ్రసులు కోరోసింక్‌కి 10.20.0.1 నుంచి 3 వరకు, సెఫ్‌కి 10.30.0.1 నుంచి 3 వరకు. ఇవి 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 (ఇంటర్నెట్ నియమాల పత్రం) సొంత వాడకానికి వదిలిన అడ్రసుల్లోవే. కాలేజీలో 192.168 శ్రేణి, హాస్టల్ వైఫైలో 172.16 శ్రేణి వాడుతున్నారు కాబట్టి తగాదా రాదు. ఈ రెండు కొత్త నెట్‌వర్క్‌లకూ గేట్‌వే పెట్టను. బయటికి దారి లేకపోవడమే వీటి ప్రయోజనం.

మే 5

కార్డులు వచ్చాయి. వాడినవే, ఇంటెల్ ఎక్స్520, రెండేసి పోర్టులు. వాటితో మూడు డాక్ కేబుళ్లు (రెండు చివర్లా ప్లగ్గు బిగించి వచ్చే రాగి కేబుళ్లు). ఈ కార్డు పరాయి కంపెనీ ఆప్టికల్ మాడ్యూళ్లను ఒప్పుకోదు గానీ ప్యాసివ్ డాక్ కేబుళ్లతో పేచీ పెట్టదు. అందుకే రాగి కేబుల్ తెప్పించాను. ర్యాక్‌లో పక్కపక్కనే ఉన్న సర్వర్లకు ఒకటిన్నర మీటరు సరిపోతుంది.

గోదారి, కృష్ణల్లో కార్డు ఇబ్బంది లేకుండా కూర్చుంది. పెన్నాలో మిగిలిన స్లాటు చూడ్డానికి ఎనిమిది లేన్లదే (లేన్ అంటే డేటా నడిచే ఒక వరస), లోపల వైరింగ్ మాత్రం నాలుగు లేన్లకే ఉంది. పూర్తి వేగానికి సరిపోదని కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) హెచ్చరిక రాసింది. లెక్క వేసుకున్నాను. ఆ స్లాటు వేగంతో నాలుగు లేన్లకు 16 గిగాబిట్లు వస్తాయి. రెండు పోర్టులూ ఒకేసారి నిండితే తప్ప తేడా తెలియదు. సరే అనుకున్నాను.

కార్డు పెట్టి ఆన్ చేస్తే గోదారి నెట్‌వర్క్‌లో కనపడలేదు. మానిటర్, కీబోర్డు మోసుకెళ్లి చూస్తే పాత పోర్టు పేరే మారిపోయింది. పోర్టు పేరు వచ్చేది పీసీఐ (కార్డు స్లాట్ల) నంబరు నుంచి. కొత్త కార్డు రావడంతో ఆ నంబర్లు జరిగాయి. నిన్నటిదాకా పేరులో 3 ఉన్న చోట ఇవాళ 4 ఉంది. కాన్ఫిగ్ ఫైలులో పాత పేరే ఉండటంతో బ్రిడ్జికి (సర్వర్‌నీ వర్చువల్ మెషీన్లనీ నెట్‌వర్క్‌కి కలిపేది) పోర్టు దొరకలేదు. అప్పటికి పేరు సరిచేసి లేపాను. తర్వాత మూడు నోడ్లలోనూ ప్రతి పోర్టుకీ మ్యాక్ అడ్రస్ (పోర్టుకి పుట్టుకతో ఉండే నంబరు) ఆధారంగా శాశ్వతమైన పేరు ఖాయం చేశాను: కాలేజీ నెట్‌వర్క్‌ది లాన్, కోరోసింక్‌ది కోరో, 10 గిగాబిట్ పోర్టులు మెష్1, మెష్2. సిస్టమ్‌డీ లింక్ ఫైల్లో (పోర్టు పేర్లు చెప్పే ఫైలు) రాసి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న సిస్టమ్) కూడా మళ్లీ తయారు చేయాలి. ఈ పని కార్డు పెట్టక ముందే చేసుండాల్సింది. చేసుంటే మధ్యాహ్నం భోజనం మానేయాల్సిన పని ఉండేది కాదు.

మే 6

ఇవాళ కేబుళ్లు. ఏ పోర్టు ఏదో కంప్యూటర్‌కి తెలుసు, వెనక నిలబడ్డ మనిషికి తెలియదు. ఈథ్‌టూల్ అనే లైనక్స్ కమాండ్‌లో ఒక సదుపాయం ఉంది. పోర్టు పేరిస్తే ఆ పోర్టు లైటు మిణుకు మిణుకుమంటుంది. నేను ముందు కూర్చుని ఒక్కోటీ ఇస్తున్నా. తమ్ముడు ర్యాక్ వెనక చెమటలు కక్కుతూ, సెల్‌ఫోన్ లైటు నోట కరచుకుని చూస్తున్నాడు. "ఇదన్నా, కుడిది!" అని అరవగానే దానికి టేపు చుట్టించాను. గోదారి–కృష్ణకి పసుపు, కృష్ణ–పెన్నాకి ఎరుపు, గోదారి–పెన్నాకి ఆకుపచ్చ. రెండు చివర్లా టేపు, దాని మీద మార్కర్‌తో అవతలి నోడ్ పేరు. ఏసీ గదిలోనే ఉన్నాం గానీ ర్యాక్ వెనక సర్వర్ల వేడిగాలి మొహాన కొడుతుంది. అరగంట నిలబడితే మే నెల ఎండ కంటే ఎక్కువనిపిస్తుంది.

ఆరు లైట్లూ వెలిగాయి. ఆరూ 10 గిగాబిట్ చూపించాయి.

మే 7

మెష్‌కి, అంటే నోడ్లను నేరుగా కలిపిన ఆ మూడు కేబుళ్ల నెట్‌వర్క్‌కి, దారులు రాశాను. ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రూటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి, దారులు వాటంతటవే వెతుక్కునే ఓఎస్‌పీఎఫ్ గానీ ఓపెన్‌ఫ్యాబ్రిక్ గానీ నడపొచ్చు. మూడు నోడ్లకు అంత హంగు ఎందుకని చేత్తోనే రాశాను. ప్రతి నోడ్‌లో అవతలి నోడ్‌కి రెండు రూట్లు (మెట్రిక్ తక్కువున్నదాన్నే ముందు వాడుతుంది): నేరుగా పోయేది తక్కువ మెట్రిక్‌తో, మూడో నోడ్ మీదుగా చుట్టు తిరిగేది ఎక్కువ మెట్రిక్‌తో. కేబుల్ ఊడి లింకు పడిపోతే ఆ దారిని పట్టించుకోవద్దని చెప్పే కెర్నెల్ సెట్టింగ్ ఒకటుంది. అది ఆన్ చేస్తే ట్రాఫిక్ దానంతటదే రెండో దారి పడుతుంది.

చుట్టుదారి పనిచేయాలంటే మధ్య నోడ్ ప్యాకెట్లను అటు నుంచి ఇటు దాటించాలి. ఫార్వర్డింగ్ మొత్తం మీద ఆన్ చేయబోయి ఆగాను. అలా చేస్తే కాలేజీ నెట్‌వర్క్‌లో ఎవరైనా ఒక రూటు రాసుకుని మా నోడ్ మీదుగా సెఫ్ వైపు తొంగిచూడొచ్చు. అందుకని రెండు మెష్ పోర్టుల మీదే ఆన్ చేశాను. దానికి తోడు లాన్ వైపు నుంచి 10.30 అడ్రసులకు వచ్చేవి వచ్చినట్టే పారేయమని ఫైర్‌వాల్‌లో నియమం పెట్టాను. ఎందుకంటే లైనక్స్ తన అడ్రసు ఏ పోర్టులోంచి అడిగినా పలుకుతుంది, దానికి ఫార్వర్డింగ్‌తో పని లేదు.

ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) 9000 పెట్టి ఐపర్ఫ్3 అనే టూల్‌తో వేగం కొలిచాను. నోట్‌బుక్‌లో రాసుకున్నది, సెకనుకు గిగాబిట్లలో:

గోదారి–కృష్ణ 9.90
గోదారి–పెన్నా 9.90
కృష్ణ–పెన్నా 9.41

మూడోది కాస్త తక్కువ. పెన్నాలో స్లాటు నాలుగు లేన్లదే కదా, దాని ప్రభావం అనుకున్నాను. పసుపు కేబుల్ పీకి చూస్తే పింగ్ (అవతలి నోడ్ పలుకుతుందో చూసే చిన్న సందేశం) ఒక్కటి తప్పి, తర్వాతివి చుట్టుదారిన నడిచాయి. సంతోషంగా ఇంటికెళ్లాను.

మే 9

కోరోసింక్‌ని దాని సొంత రోడ్డు మీదికి మార్చాను. దాని కాన్ఫిగ్ ఫైలుని నేరుగా ఎడిట్ చేయకూడదు. సేవ్ చేసిన మరుక్షణం అది అన్ని నోడ్లకూ వెళ్లిపోతుంది, సగం రాసిందైనా సరే. కాపీ తీసి, అందులో మార్చి, వెర్షన్ నంబరు ఒకటి పెంచి, అప్పుడు అసలు ఫైలు స్థానంలోకి జరిపాను. లింక్ 0 కొత్త స్విచ్ మీద, లింక్ 1 పాత లాన్ మీద. లింక్ 0కి ప్రాధాన్యం ఎక్కువ. అది పోతేనే రెండోది వాడుతుంది. హెచ్‌ఏని ముందే ఆపి ఉంచాను. ఈ మార్పులో నోడ్లు ఒక క్షణం విడిపోయినా ఎవరూ రీసెట్ అవ్వకూడదు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

మే 10

మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. యూపీఎస్ మీద సర్వర్లు నడుస్తున్నాయి, కానీ లింక్ 0 పడిపోయి క్లస్టర్ లింక్ 1 మీదికి వెళ్లింది. ఎందుకా అని చూస్తే ఐదు పోర్టుల స్విచ్ అడాప్టర్ గోడ ప్లగ్గులో ఉంది. దాన్ని యూపీఎస్ బోర్డుకి మార్చాం. కరెంటు రాకముందే ఒకసారి కావాలని పీకి పెట్టి కూడా చూశాం. లింక్ మారుతుంది, తిరిగొస్తుంది, కోరమ్ కదలదు. రెండో లింకు పెట్టినందుకు మనసుకి హాయిగా అనిపించింది.

మే 11

సెఫ్ మార్పు. ఓఎస్‌డీలు (ఒక్కో డిస్కునీ చూసుకునే సెఫ్ ప్రోగ్రాములు) కొత్త నెట్‌వర్క్‌కి మారడం తేలిక, రీస్టార్ట్ చేస్తే చాలు. మానిటర్లు (స్క్రీన్లు కావు, సెఫ్ స్థితిని చూసుకునే ప్రోగ్రాములు) అలా కాదు. వాటి అడ్రసులు మానిటర్ మ్యాప్‌లో రాసి ఉంటాయి, కాన్ఫిగ్‌లో మార్చినంత మాత్రాన మారవు. పబ్లిక్ నెట్‌వర్క్ లైనులో పాత సబ్‌నెట్, కొత్త సబ్‌నెట్ రెండూ రాసి, ఒక్కో మానిటర్‌నీ తీసేసి కొత్త అడ్రసుతో మళ్లీ పుట్టించాను. ఒకటి పూర్తయి మూడూ కోరమ్‌లో ఉన్నాయని చూశాకే రెండోది ముట్టుకున్నాను. తొందరపడి రెండింటిని ఒకేసారి తీస్తే మిగిలిన ఒక్కటీ ఏ నిర్ణయమూ చేయలేదు, స్టోరేజీ అంతా నిలిచిపోతుంది. తర్వాత డిస్కుల్ని ఔట్ చేయకుండా (లెక్కలోంచి తీసేయకుండా) ఆపే సెట్టింగ్ పెట్టి, ఓఎస్‌డీలను నోడ్ తర్వాత నోడ్ రీస్టార్ట్ చేశాను. సాయంత్రానికి పాత సబ్‌నెట్ తీసేశాను.

మే 13

ఇవాళ్టి సంగతి వివరంగా రాసుకోవాలి.

అంతా మెష్ మీద నడుస్తోంది కదా, మళ్లీ ఒకసారి పసుపు కేబుల్ పీకమన్నాను. తమ్ముడు పీకాడు. పింగ్ ఒకటి తప్పి మళ్లీ వచ్చింది. నవ్వుకుంటూ ఉన్నాం. అర నిమిషం దాటాక సెఫ్ హెచ్చరికగా పసుపు రంగుకి తిరిగింది, స్లో ఆప్స్ (ఆలస్యమవుతున్న పనులు) అని. కృష్ణలోని ఓఎస్‌డీలు, గోదారిలోని ఓఎస్‌డీలు ఒకరి మీద ఒకరు డౌన్ అని ఫిర్యాదు చేసుకోవడం మొదలుపెట్టాయి. లైబ్రరీ మెషీన్ బిగుసుకుపోయింది. "పెట్టెయ్, పెట్టెయ్" అని అరిచాను. కేబుల్ పెట్టగానే అన్నీ కదిలాయి. అప్పటికి టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి.

పింగ్ వెళ్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) వెళ్తుంది, సెఫ్ మాత్రం వెళ్లదు. చిన్నవి పోతున్నాయి, పెద్దవి పోవట్లేదు. 8972 బైట్ల పింగ్‌ని ముక్కలు చేయొద్దనే షరతుతో పంపాను. 9000 ఎంటీయూలోంచి ఐపీ హెడర్ 20, పింగ్ వాడే ఐసీఎంపీ హెడర్ 8 తీసేస్తే మిగిలేది అంతే. గోదారి నుంచి కృష్ణకి వెళ్లింది. గోదారి నుంచి పెన్నాకి వెళ్లింది. కృష్ణ నుంచి పెన్నాకి జవాబే లేదు.

పెన్నాలో మెష్2 చూస్తే ఎంటీయూ 1500. ఆరు పోర్టుల్లో అయిదింటికి రాసి ఒక్కదానికి ఆ లైను రాయలేదు.

మరి ఇన్నాళ్లూ ఎందుకు బయటపడలేదు? కృష్ణ, పెన్నా నేరుగా మాట్లాడుకునేటప్పుడు టీసీపీ (డేటా పంపే పద్ధతి) మొదట్లోనే ఇద్దరి సైజులూ అడిగి చిన్నదానికి ఒప్పుకుంటుంది. 1500తోనే నడిపింది, బాగానే నడిచింది. కానీ గోదారి, కృష్ణల మధ్య ఒప్పందం 9000 మీద జరిగింది. వాళ్ల మధ్య కేబుల్ ఊడి ప్యాకెట్ పెన్నా మీదుగా వెళ్లాల్సి వచ్చినప్పుడు, కృష్ణ 9000 సైజు ఫ్రేమ్ పంపితే పెన్నా పోర్టు దాన్ని తీసుకోకుండా పారేసింది, చెప్పకుండా. ఎదురు దిశలో ఆ ఇబ్బంది లేదు. పెన్నా "ఇది పెద్దది, ముక్కలు చెయ్యి" అని గోదారికి చెప్పగలదు. ఒక వైపు నుంచే దారి మూసుకుపోయింది. సెఫ్ తన హార్ట్‌బీట్‌ని (బతికున్నానని చెప్పే సందేశం) కనీసం 2000 బైట్లకు నింపి పంపేది సరిగ్గా ఇలాంటి తేడా పట్టుకోవడానికే. పట్టుకుంది కూడా.

నోట్‌బుక్ వెనక్కి తిప్పాను. 9.41. ఇది నాకు తెలిసిన అంకె. 10 గిగాబిట్ తీగలో 1500 ఎంటీయూతో టీసీపీకి దక్కేది సరిగ్గా 9.41, 9000తో 9.90. స్లాటు వల్లైతే అంత కచ్చితంగా ఆ అంకె మీద ఆగదు. పైగా అదే కార్డు, అదే స్లాటు గోదారి వైపు 9.90 ఇస్తోంది. నేను నా చేత్తో రాసుకున్న జవాబు మే 7 నుంచి నా బల్ల మీదే ఉంది.

మే 14

లైను రాశాను. కృష్ణ–పెన్నా 9.90. తర్వాత పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఒక్కో కేబుల్ పీకి, ప్రతిసారీ ఆరు దిశల్లోనూ 8972 పింగ్ పంపాం. మొత్తం పద్దెనిమిది. అన్నీ వెళ్లాయి. తమ్ముడు చేత ఆ పద్దెనిమిదింటినీ నడిపే చిన్న స్క్రిప్టు రాయించాను. ఇకపై నెట్‌వర్క్ ఫైలు ముట్టుకున్న ప్రతిసారీ అది నడవాలి.

చేత్తో రాసిన రూట్ల గురించి మళ్లీ ఆలోచించాను. లింకు లైటు వెలుగుతూనే డేటా పోని కేబుల్ ఒకటి తగిలితే నా పద్ధతి దాన్ని గుర్తించలేదు. ఓఎస్‌పీఎఫ్ అయితే హలోలు ఆగగానే గుర్తిస్తుంది. అంతకంటే ముఖ్యం, రెండు వైపులా ఎంటీయూ కలవకపోతే ఓఎస్‌పీఎఫ్‌లో పొరుగు సంబంధమే పూర్తి కాదు. నిన్నటి తప్పు మొదటి రోజే మొహాన కనిపించేది. దసరా సెలవుల్లో ఎఫ్‌ఆర్‌ఆర్‌కి మారుదాం. మేడమ్ కూడా సరేనన్నారు.

మే 17

అసలు పరీక్ష. ఏప్రిల్ 28 రాత్రిని మళ్లీ తెప్పించాం. కృష్ణలో ఒక ఓఎస్‌డీని ఔట్ చేసి కాపీలు నింపడం మొదలుపెట్టించాను, దాని మీద బ్యాకప్ కూడా నడిపాను. హెచ్‌ఏ తిరిగి ఆన్‌లోనే ఉంది. సెఫ్ సెకనుకు 600 ఎంబీ పైన పరుగెత్తింది. కాలేజీ లాన్ మీద బ్యాకప్ వెళ్లే భాగం నిండింది. కోరోసింక్ రోడ్డు మీద మాత్రం నోడ్ల మధ్య పింగ్ 0.2 మిల్లీసెకన్ల దగ్గరే నిలబడి ఉంది. రెండు గంటల్లో రీట్రాన్స్‌మిట్ లైను ఒక్కటీ రాలేదు. తమ్ముడు లాగ్ ముందు కూర్చుని రెప్ప వేయకుండా చూశాడు.

మే 20

ర్యాక్ తలుపు లోపలి వైపు కాగితం అంటించాం: మూడు నోడ్లు, మూడు రంగులు, ఏ పోర్టు ఎటు, ఏ అడ్రసు దేనిదో. మ్యాక్ అడ్రసులు కూడా రాశాం. కార్డు మార్చాల్సి వస్తే ముందుగా మార్చాల్సింది ఆ లింక్ ఫైలే. రోజువారీ బ్యాకప్ తిరిగి రెండింటికే పెట్టాను. మూడు రాత్రులు అయ్యాయి, మూడు నోడ్లలోనూ కోరోసింక్ లాగ్ ఖాళీగా ఉంది.

ఇవాళ స్టోర్స్‌కి ఇండెంట్ రాశాను: డాక్ కేబుల్, ఒకటిన్నర మీటరు, ఒకటి, స్పేర్.